పలివెలకి పెట్టిన ప్రాక్సీ

పలివెల రక్తపరీక్షల సెంటర్లో టెక్నీషియన్ నూకరాజు గారిని ఎవరైనా గారు లేకుండా పిలిస్తే, ఆ మనిషికి రెండు చేతుల్లోనూ నరం దొరకదని కొత్తపేట మండలమంతా ఒక నమ్మకం. ఇందులో నిజమెంతో తెలియదు. అమలాపురంలో కూర్చున్న గంగబాబుకి మాత్రం ఆ నమ్మకం ఒక్కటీ చాలింది.

గంగబాబు పనిచేసేది సత్యదుర్గారావు గారి ఆఫీసులో. బట్టల కొట్టు పైన మేడ. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న రక్తపరీక్షల సెంటర్ల కంప్యూటర్లన్నీ ఆ మేడ మీద నుంచే చూసుకుంటారు. ఒక్కో సెంటర్లో ఒక్కో చిన్న పెట్టె ఉంటుంది. రిపోర్టు అందులో తయారై, అమలాపురంలో ఉన్న ఒక మధ్య యంత్రం గుండా డాక్టర్ల ఫోన్లకీ, తిరిగి ఆ సెంటర్ ప్రింటర్‌కీ పోతుంది. ఆ మధ్య యంత్రాన్ని ప్రాక్సీ అంటారు. కాలువ మీద లస్కరు లాంటిదన్నమాట. ఆయన తలుపు ఎత్తితేనే నీళ్ళు కదుల్తాయి.

నీ లస్కరు ఫలానా అని ప్రతి పెట్టెలోనూ ఒక లైను రాసి ఉంటుంది. దాని అసలు పేరు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. పెట్టె నిద్ర లేచీ లేవగానే దాన్ని చదువుకుంటుంది, చదివింది నమ్ముతుంది, ఎందుకని అడగదు. ఊరూరా తిరిగి ఆ లైను రాయనక్కర్లేకుండా ప్లేబుక్ అని ఒకటుంది. మేడ మీద ఒక మీట నొక్కితే అల్లవరం నుంచి రామచంద్రపురం దాకా పెట్టెలన్నీ ఒకే మాట వింటాయి. కోనసీమలో ఇంతమంది ఎదురు చెప్పకుండా ఒక్క మాట వినడం అక్కడ తప్ప ఇంకెక్కడా జరగదు.

ఆ సోమవారం గంగబాబు పలివెల పెట్టెకి తన లాప్‌టాప్‌నే లస్కరుగా పెట్టాడు. పలివెల నుంచి వచ్చే ప్రతి రిపోర్టూ ముందు లాప్‌టాప్‌లో దిగుతుంది. కింద టెక్నీషియన్ పేరు దగ్గర ఒక గారు ఎక్కువ తగిలించుకుని పైకి పోతుంది. మొదటిరోజు 'నూకరాజు గారు గారు'. రోజుకొకటి చొప్పున పెంచుకుంటూ పోయాడు. గురువారానికి గారులు కాగితం అంచు దాటి వరండాలోకి వచ్చేలా ఉన్నాయి.

నూకరాజు గారు మండిపడి ఫోను చేస్తారని గంగబాబు కాచుకుని కూర్చున్నాడు. ఫోను రానే వచ్చింది.

"గంగబాబు గారాండీ? నూకరాజునండీ, పలివెల నుంచి."

"ఆయ్, చెప్పండి నూకరాజు గారూ."

"ఏం లేదండీ. ఇన్నేళ్ళ సర్వీసులో మనుషులెవరికీ తట్టలేదండీ. సాఫ్ట్‌వేరుకి తట్టింది. చాలా సంతోషమండీ. ఒక రిపోర్టు ఫ్రేం కట్టించుకున్నాను. ఎవరిదో షుగరు రిపోర్టేలెండి, వాళ్ళకి ఇంకోటి తీసిచ్చేను. ఇది ఇలాగే ఉంటుందాండీ?"

"పరవాలేదండీ, మీ పెట్టె సోమవారం నుంచీ నా దగ్గర్నుంచే వెళ్తోంది, ఇంక అలాగే ఉంచేస్తాలెండి," అని గంగబాబు ఫోను పెట్టేశాడు.

వేళాకోళం ఫెయిలైంది. తర్వాత తీసేద్దాంలే అనుకున్నాడు గంగబాబు. అనుకుని వదిలేశాడు.

అసలు గొడవ ఆ వదిలెయ్యడంలోనే ఉంది. పలివెల కోసం రాసిన లైనుని పలివెల ఫైల్లోనే రాయాలి. ఆ ఫైలు వెతకాలంటే రెండు ఫోల్డర్లు తెరవాలి. గంగబాబుకి అంత ఓపిక లేదు. అందరికీ కలిపి ఉన్న ఉమ్మడి ఫోల్డర్లోనే కొత్త ఫైలొకటి పెట్టాడు. అక్కడ ఫైళ్ళని ప్లేబుక్ పేర్ల వరుసలో చదువుతుంది. ఒకే సంగతి రెండు చోట్ల ఉంటే చివర చదివిందే నెగ్గుతుంది. తనదే నెగ్గాలని జెడ్ అక్షరంతో పేరు మొదలుపెట్టాడు. మీట నొక్కేటప్పుడు మాత్రం పలివెలకి తప్ప ఎవరికీ పంపొద్దని చెప్పాడు. అందుకని మిగతా ఊళ్ళకి ఏమీ కాలేదు. ఆ ఫైలు అక్కడే, ఇంకెవరైనా అందరికీ కలిపి మీట నొక్కేదాకా, గుడ్లు పొదుగుతూ కూర్చుంది.

శుక్రవారం పొద్దున్న అందరికీ కలిపి మీట నొక్కాల్సిన మనిషి నిఖిత.

నిఖితది రాజోలు. తల్లి రమణి గారు అక్కడ బళ్ళో టీచరు. రోజూ బస్సులో అమలాపురం వచ్చిపోతుంది. ఉద్యోగంలో చేరి కొన్ని నెలలైంది, ఇంకా పర్మనెంటు కాలేదు. పాత ప్రాక్సీ యంత్రం తీసేసి కొత్తది తెచ్చారు. దాని అడ్రసు పెట్టెలన్నింటికీ పంపాలి. "ఈ పని మీరొక్కరే చెయ్యండమ్మా. సవ్యంగా అయితే సాయంత్రం మిమ్మల్ని పర్మనెంటు చేసేద్దాం," అని సత్యదుర్గారావు గారు ముందురోజే చెప్పారు.

ఆమె కొత్త అడ్రసు ఫైల్లో రాసింది. చూసుకుంది. లేచి మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ చూసుకుంది.

"నిఖిత గారూ, ముహూర్తం పెట్టించమంటారా?" అన్నాడు పక్క బల్ల దగ్గర గంగబాబు.

"మీరు కొంచెం అవతలకి జరగండి గంగబాబు గారూ. మీ గాలి తగిల్తే అంకెలు మారిపోతాయి."

"నా గాలికి అంత సీనుంటే నేను కరెంటాఫీసులో ఉందును కదండీ."

ఆమె నవ్వి మీట నొక్కింది. గోడ మీద పెద్ద తెర ఉంటుంది, ఊళ్ళ పేర్లన్నీ, పక్కన చుక్కలు. చుక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. ఊరూరా ఫోను చేసి కనుక్కుంది. రిపోర్టులు పోతున్నాయన్నారు. నిజంగానే పోతున్నాయి. కాకపోతే కొత్త ప్రాక్సీ గుండా కాదు, పక్క బల్ల మీద తెరిచి ఉన్న లాప్‌టాప్ గుండా. ఆ సంగతి లాప్‌టాప్ వాడికి కూడా తెలియదు. అతను అప్పుడు ఫోన్లో క్రికెట్టు చూస్తున్నాడు.

కాసేపటికి గంగబాబు లేచాడు. అల్లవరంలో అక్క మమత కొడుక్కి అన్నప్రాశన, పూటకి సెలవు పెట్టుకున్నాడు. లాప్‌టాప్ మూత వేశాడు, సంచిలో పెట్టాడు, సంచి వీపుకి తగిలించుకుని బండెక్కాడు. ఆ క్షణాన కోనసీమ రక్తపరీక్షలన్నీ ఆగిపోయి, మనిషి వీపు మీద అల్లవరం బయల్దేరాయి.

అల్లవరం సెంటరు ముందు జనం మెట్ల దాకా ఉన్నారు. గంగబాబు బండి స్లో చేశాడు. లోపల వీరలక్ష్మి, అక్కడి టెక్నీషియను, రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని ఉంది. మెట్టు మీద ఒక పెద్దావిడ చీరకొంగుతో విసురుకుంటూ కూర్చుంది.

"ఏంటి పిన్నిగారూ, ఇంత జనం? రక్తం ఊరికే ఇచ్చేస్తున్నారా?" అన్నాడు.

"రిపోర్టు రాలేదంట బాబూ. అది చూపిస్తే గాని డాక్టరుగారు మందు రాయనన్నారు. పొద్దున్నే వచ్చేను."

"అయితే మీ రక్తం ఇంకా బస్సులో ఉందేమోనండీ. సీటు దొరికిందో లేదో," అని నవ్వి గంగబాబు బండి ముందుకి పోనిచ్చాడు. పెద్దావిడ కూడా మర్యాదకి నవ్వింది. రిపోర్టు అతని వీపు మీదే ఉంది.

అన్నప్రాశనలో పిల్లాడు ఫోను పట్టుకున్నాడు. కత్తి, పుస్తకం, మట్టి అన్నీ వదిలేసి మేనమామ ఫోను పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఫోను మళ్ళీ వెలగలేదు. అందుకని ఆఫీసు నుంచి వచ్చిన పిలుపులేవీ గంగబాబుకి చేరలేదు. అతను పనసపొట్టు కూర మూడోసారి వడ్డించుకుని, ఎండ తగ్గాక మెల్లిగా తిరిగొచ్చాడు.

మెట్లెక్కుతుండగానే తేడా తెలిసింది. మేడ మీద ఫోన్లన్నీ ఒకేసారి మోగుతున్నాయి.

తెర మీద చుక్కలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఫోన్లు చూసే మరిడమ్మ గారు ఒక రిసీవరు పెట్టి ఇంకోటి ఎత్తుతోంది. సత్యదుర్గారావు గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన కోపాన్ని గొంతుని బట్టి కనిపెట్టలేం, మర్యాదని బట్టి కనిపెట్టాలి. ఆఫీసులోకి పాము వస్తే మీరు ఇటు దయచేయండి అన్న మనిషి. ఇప్పుడు నిఖితతో అంతకంటే మర్యాదగా మాట్లాడుతున్నారు.

"మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టేశామమ్మా. మీ శక్తికి మించిన పని అప్పజెప్పేశాం. క్షమించాలి."

నిఖిత గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. ఏడుపు ఎక్కడో మధ్యాహ్నమే అయిపోయినట్టుంది.

"నేను సరైన అడ్రసే రాసేనండీ. కానీ పెట్టెల్లోకి వేరేది వెళ్ళింది. మళ్ళీ పంపేను, మళ్ళీ అదే వెళ్ళింది. ఎన్నిసార్లు పంపినా అదే. ఆ అడ్రసు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కావట్లేదండీ. నేనే ఎక్కడో ఏదో చేసుంటాను."

"ఏం అడ్రసండీ?" అన్నాడు గంగబాబు.

ఆమె చెప్పింది.

మనిషికి సొంత పేరు వినపడితే తల తిరుగుతుంది. గంగబాబుకి వినపడింది సొంత లాప్‌టాప్ అడ్రసు. పనసపొట్టు కూర మూడు వడ్డింపులూ వేర్వేరుగా గుర్తొచ్చాయి.

ఏం చెయ్యాలో తోచక, ముందు సంచిలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టి మూత తెరిచాడు.

తెర మీద రాజోలు పచ్చబడింది. తర్వాత కొత్తపేట. తర్వాత వరసగా అన్నీ. పొద్దుట్నుంచి పెట్టెల్లో పేరుకుపోయిన రిపోర్టులు కాలువ తలుపు ఎత్తినట్టు దూకాయి. ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"చూసేరా!" అంది మరిడమ్మ గారు. "అలా వచ్చి కూర్చున్నారో లేదో, అన్నీ కదిలేయి! ఏం హస్తవాసండీ వీరిది!"

"గంగబాబు గారూ," సత్యదుర్గారావు గారు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "మీరు లేకపోతే ఈ ఆఫీసు లేదండీ."

ఆ చెయ్యి బరువు గంగబాబు జన్మలో మర్చిపోడు. కొబ్బరికాయల లారీ అయినా అంత బరువుండదు.

మళ్ళీ ఫోను మోగింది. మరిడమ్మ గారు స్పీకరు పెట్టింది. అల్లవరం వీరలక్ష్మి.

"రిపోర్టులు వచ్చేసేయండీ. జనం వెళ్ళిపోయేరు. ఒక పెద్దావిడ మాత్రం చివరి బస్సు పోయిందని ఇక్కడే కూర్చుందండీ, తెలిసినవాళ్ళ బండి మీద పంపిస్తాను. ఇంకో మాటండీ, రిపోర్టు కింద నా పేరు వెనక గారు వచ్చిందండీ. ఒకటి కాదు, బోలెడు. మా సెంటర్లో నన్ను ఎవరూ అలా పిలవరండీ. ఇది ఎవరు పెట్టించారో గాని, థాంక్సండీ."

"అది కూడా మన గంగబాబు గారే అయ్యుంటారు," అన్నారు సత్యదుర్గారావు గారు.

నిఖిత గంగబాబు వైపు చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంది. అతను ఆ చూపు పడకుండా చార్జరు వెతుకుతున్నట్టు బల్ల కిందకి వంగాడు. అక్కడ చార్జరు లేదు. కాసేపు అక్కడే ఉన్నాడు.

పైన సత్యదుర్గారావు గారి గొంతు వినపడుతోంది. "నిఖిత గారూ, ఆ పర్మనెంటు సంగతి తొందరేం లేదు కదమ్మా. వచ్చే ఏడాది చూద్దాం. ఈలోగా మీరు కొన్నాళ్ళు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి. కబురు చేస్తాం."

కోనసీమలో 'కబురు చేస్తాం' అన్నాక ఆ కబురు రావడం ఎవరూ చూడలేదు.

"ఆయ్," అంది నిఖిత.

గంగబాబు బల్ల కిందనుంచి లేస్తూ తల కొట్టుకున్నాడు. "తప్పు నాదండీ," అన్నాడు.

"అబ్బే, మీదేంటండీ. నాది," అన్నారు సత్యదుర్గారావు గారు. "అనుభవం చూసుకోకుండా పని అప్పజెప్పేను."

"అలాగంటారేంటండీ, నాది," అంది మరిడమ్మ గారు. "గంగబాబు గారి అక్క ఇంటి నంబరైనా ముందే తీసుకుని ఉండాల్సింది."

ఈ సీమలో తప్పు నాదండీ అనడం ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళిచ్చినట్టు. బస్సులో కాలు తొక్కించుకున్నవాడు కూడా ముందు తానే అంటాడు. ఆ మాటకి అర్థం వెతికే అలవాటు ఎవరికీ లేదు.

"కాదండీ. నిజంగానే నాది. నేనే చేశాను."

"చూడండి, ఎంత పెద్ద మనసో," అన్నారు సత్యదుర్గారావు గారు మరిడమ్మ గారితో. "పక్కవాళ్ళ తప్పు నెత్తినేసుకుంటున్నారు."

నిఖిత బ్యాగు సర్దుకుంటోంది. తలెత్తకుండా అంది. "జాలి వద్దు గంగబాబు గారూ. వేళాకోళమైతే అసలొద్దు. ఇవాళొద్దండీ."

అక్కడితో ఆపెయ్యొచ్చు. నోటితో చెప్పాడు, వాళ్ళు నమ్మలేదు. ఇంతకంటే మనిషి ఏం చేస్తాడు? రాత్రికి ఎవరూ చూడకుండా ఆ జెడ్ ఫైలు తీసేస్తే భూమ్మీద సాక్ష్యం ఉండదు. గంగబాబుకి ఆ ఆలోచన వచ్చింది. వచ్చి, కూర్చుని, కాళ్ళు చాపుకుంది కూడా. నిఖిత బ్యాగు జిప్పు లాగింది. సగంలో ఇరుక్కుంది. ఆమె దాన్ని మళ్ళీ మళ్ళీ లాగుతోంది.

"అందరూ ఒకసారి తెర వైపు చూడండి," అన్నాడు.

లాప్‌టాప్ మూత వేశాడు.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత రాజోలు ఎర్రబడింది. కొత్తపేట ఎర్రబడింది. ఒక్కొక్క ఊరే ఎర్రబడుతూ పోయింది. మూత తెరిచాడు. ఊళ్ళు మెల్లిగా పచ్చబడ్డాయి.

నిఖిత జిప్పు వదిలేసింది.

"ఇంకొక్కసారి వెయ్యండి," అన్నారు సత్యదుర్గారావు గారు, చాలా మెల్లిగా.

వేశాడు. ఎర్రబడ్డాయి. ఇంతలో ఫోను మోగింది. మరిడమ్మ గారు అలవాటు కొద్దీ స్పీకరు నొక్కింది.

"నూకరాజునండీ, పలివెల. మళ్ళీ ఆగిపోయిందండీ. నా పేరు వచ్చి, ఒక గారు వచ్చి, రెండో గారు దగ్గర సగంలో ఆగిపోయింది. గంగబాబు గారున్నారా? సోమవారం నుంచీ మా పెట్టె వారి దగ్గర్నుంచే కదండీ వెళ్తోంది. నిన్న ఆయన్నడిగితే పరవాలేదు, ఇంక అలాగే ఉంచేస్తాలెండి అన్నారు."

గంగబాబు మూత తెరిచాడు. "వస్తుందండీ, చూసుకోండి," అన్నాడు. మరిడమ్మ గారు ఫోను పెట్టేసింది.

అప్పుడు మొత్తం చెప్పాడు. సోమవారం వేళాకోళం, ఓపిక లేక ఉమ్మడి ఫోల్డర్లో పెట్టిన ఫైలు, తనదే నెగ్గాలని పెట్టిన జెడ్, అల్లవరం మెట్ల మీద పెద్దావిడ. జోకు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. ఆగి అది కూడా చెప్పాడు. ఎవరైనా నవ్వుతారేమోనని జీవితంలో మొదటిసారి భయపడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

సత్యదుర్గారావు గారు ఒక కుర్చీ తన చేత్తో తుడిచి నిఖిత దగ్గరికి జరిపారు. "కూర్చోండమ్మా. పొద్దుట్నుంచి నిలబడే ఉన్నారు. మీరు ఈ పూట నుంచే పర్మనెంటు." ఇంకో కుర్చీ కూడా తుడిచి గంగబాబు దగ్గరికి జరిపారు. "మీరూ కూర్చోండి బాబూ. అలిసిపోయి ఉంటారు." తిట్టినా బాగుండేదనిపించింది గంగబాబుకి. ఆ కుర్చీలో కూర్చునే కంటే కిటికీలోంచి కింద బట్టల కొట్టు రేకుల మీదకి దూకడం సుఖం. కూర్చున్నాడు.

నిఖిత కూర్చోలేదు. తన కంప్యూటరు దగ్గరికి వెళ్ళి ఉమ్మడి ఫోల్డరు తెరిచింది. అట్టడుగున ఆ ఫైలు ఉంది. పొద్దుట్నుంచి తన ఫైలు ఒక్కటే తెరిచి చూసుకుంటూ ఉండిపోయింది, కింద ఇంకోటి ఉంటుందని అనుకోలేదు. తీసేసింది. అందరికీ కలిపి మీట నొక్కింది. పూర్తయ్యాక అంది. "ఇప్పుడు మూత వెయ్యండి."

గంగబాబు వేశాడు. చుక్కలు పచ్చగానే ఉన్నాయి. చాలాసేపు పచ్చగానే ఉన్నాయి. ఇంక అతని లాప్‌టాప్‌తో ఎవరికీ పని లేదు.

"నిఖిత గారూ, నన్ను..."

"పరవాలేదనమంటారా?" అందామె. కోపంగా కాదు, నిజంగా అడుగుతున్నట్టే. "అందరం అదే అంటాం కదండీ. మధ్యాహ్నం నేను మా అమ్మకి ఫోను చేసేను. నా వల్ల ఊళ్ళన్నీ ఆగిపోయేయి, ఉద్యోగం పోయినట్టేనని చెప్పేను. బళ్ళో ఉంది, పిల్లల ముందు. ఏం మాట్లాడలేదు, సరే ఇంటికొచ్చెయ్ అంది. ఇప్పుడు మీరు చెయ్యండి ఫోను. మీరే చెప్పండి."

"నా ఫోను పనిచెయ్యట్లేదండీ."

ఆమె తన ఫోను నొక్కి అతని చేతిలో పెట్టింది. అప్పటికే అవతల మోగుతోంది.

"అమ్మా," అంది అవతల రమణి గారి గొంతు, ఆత్రంగా. "బస్సెక్కేవా?"

"నిఖిత గారు కాదండీ. నేను, ఆఫీసు నుంచి. గంగబాబునండీ."

"ఓ, గంగబాబు గారా! మీరు తెలుసండీ. రోజూ ఇంటికొచ్చి మీ సంగతులే చెప్తుంది. కొత్తలో భయపడేది, మీరు నవ్వించబట్టే అక్కడ నిలదొక్కుకుంది. పిల్ల ఏదో పొరపాటు చేసిందంటండీ. కొంచెం మీ పెద్దవాళ్ళతో చెప్పండి బాబూ. నెమ్మదస్తురాలు, కావాలని చెయ్యదు."

గంగబాబు నోరు తెరిచాడు. ఏ మాట మొదలుపెట్టినా ముందు అలవాటైన జోకొకటి నాలుక చివరికి వచ్చి నిలబడే మనిషి. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు.

"ఆవిడ చెయ్యలేదండీ. నేను చేసేను. వేళాకోళానికి ఒకటి పెట్టి, తియ్యకుండా వదిలేసేను. ఆవిడ పని సవ్యంగానే చేసేరు. పర్మనెంటు కూడా చేసేరండీ ఇప్పుడే."

అవతల దూరంగా వీధిలో ఆడుకునే పిల్లల అరుపులు, ఎవరో సైకిలు బెల్లు. గంగబాబు ఆ మాట కోసం ఎదురుచూశాడు. పొద్దుట్నుంచి పొద్దుపోయేదాకా ఈ సీమలో అందరూ అందరితో అనే మాట. అయ్యో, పరవాలేదండీ అని.

"ఫోను దానికివ్వండి," అంది రమణి గారు.

గంగబాబు ఫోను నిఖిత వైపు చాచాడు. ఆమె అందుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని, మాట్లాడుతూ మెట్లు దిగిపోయింది.